సున్నం కొట్టని కెమెరా

తోతాపురి సీజను అయిపోయినాక
గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు లెక్కగట్టి ఇచ్చిన డబ్బు
మూడు రోజులు బియ్యం డబ్బాలో దాచి
నాలుగోనాడు అమ్ములును ఎంటబెట్టుకొని
చిత్తూరులో తిరుపతి బస్సెక్కినా.

కొండకా, అని అడిగినాడు కండక్టరు.
కాదు, కెమెరాకు, అన్నా.

గాంధీరోడ్డులో అద్దాల అంగడి. లోపల చలి.
నా గోళ్ళ పసుపు చూసి
ఏదో పూజ చేసొచ్చినాననుకున్నాడేమో
మర్యాదగా కుర్చీ వేసినాడు.
పది మెగాపిక్సెళ్ళక్కా, ఇది పన్నెండక్కా,
దీన్ని లాగితే అల్లంత దూరాన
గోపురం మీది పావురం కన్ను గూడా కనబడతాదక్కా.
పావురంతో నాకేం పని నాయనా.

అసలు మీరు ఏం ఫోటోలు తీస్తారక్కా, అన్నాడు చివరికి.
ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు అంతవరకూ.

పెండ్లికి మనిషొస్తాడు, లైట్లూ గొడుగులూ ఎత్తుకొని.
చెవులు కుట్టిస్తే స్టూడియో ఉండనే ఉండాది.
మా ఆల్బం తిరగేసినోళ్ళు
ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదనీ
అన్నం తినలేదనీ, గొంతెత్తి అరవలేదనీ
అందరూ పట్టుబట్టల్లో నిటారుగా నిలబడే బతికినారనీ అనుకుంటారు.
నాకు మంగళవారాలు కావాల.
మా ఆయన మొగిలప్ప లుంగీ ఎగగట్టి
సైకిలు చైనుతో కొట్లాడే మంగళవారం.
మా అత్త సంగటి కెలుకుతా కెలుకుతా
అదే తెడ్డు ఎత్తి టీవీలో కోడల్ని తిట్టే పొద్దు.
చిన్నోడైతే నిలవడు.
బటన్ నొక్కినాక రవ్వంత ఆలస్యమైనా
గోడ ఒక్కటే మిగులుతుంది.

తడిచేత్తో పట్టుకోవచ్చునా?
ట్యూబులైటు వెలుతురు చాలునా?
కరెంటు పోతే?
అన్నిటికీ తల ఊపినాడు.

ఇంకొకటుండాది. అది అడగడానికే వచ్చినా.

మా వీధి స్టూడియో చెంగల్రాయుడు
అమ్ములు ఫోటో దిగిన ప్రతిసారీ
కంప్యూటరు ముందర కూర్చొని
నా కూతురికి సున్నం కొడతాడు.
అడక్కుండానే. ప్రేమగానే.
పదో క్లాసు హాల్‌టికెట్టు మీదుండే పిల్ల
ఎవరి పిల్లో నాకు తెలీదు.

అందుకే దాన్నే నిలబెట్టినా, అంగడి నడిమధ్యన.
మొదటి కెమెరా తెల్లగా చేసింది.
రెండోది నీలంగా, జొరమొచ్చి లేచినట్టు.
మూడోది, మూలనుండే బూడిదరంగుది,
చవకది, ఎంత లాగినా పావురం అందనిది,
నేరేడుపండును నేరేడుపండు మాదిరే చూపించింది.
ముక్కు మీది పొక్కుతో సహా.

ఇది, అన్నా.
అది, అనింది అమ్ములు, మొదటిదాని మీద వేలు పెట్టి.

అంగడాయన మా ఇద్దరినీ చూసి
బిల్లుపుస్తకం తెరిచి, మళ్ళీ మూసి
టీ తెప్పించినాడు.

డబ్బు నాది. మొహం దానిది.
టీ తాగినంతసేపూ ఆలోచన చేసినా.
డబ్బే గెలిచింది.
గెలిచినానని చెప్పుకోను.

చంద్రగిరి దాటినా మాట్లాడలేదు.
పూతలపట్టులో ఉడకబెట్టిన చెనక్కాయలు కొనిస్తే
చెనక్కాయలు తినింది. మాట్లాడలేదు.

నెలయింది.
చైను గెలిచినాక, మసిచేతులతో మొగిలప్ప.
తెడ్డు ఉండాది, అత్త లేదు.
చిన్నోడి కాలు, చిన్నోడి వీపు,
చిన్నోడు ఇంతకుముందే ఉండి పోయిన గోడ.
నా బొటనవేలు, చానా సార్లు.
అమ్ములు ఒక్కదాంట్లోనూ పడలేదు.
నేను కెమెరా తీస్తే అది గది మారుస్తుంది.

నిన్న రాత్రి అన్నాల కాడ తీసినదాంట్లో
తలుపురెక్క పక్కన ఒక మోచెయ్యి పడింది,
ఉన్నది ఉన్న రంగులో.
ఏమీ అనకుండా కెమెరా దాని పుస్తకాల మీద పెట్టి పండుకున్నా.
చెరిపెయ్యాలంటే ఏది నొక్కాల్నో
నాకన్నా దానికే బాగా తెలుసు.

పొద్దున తెరిచి చూస్తే
మోచెయ్యి ఇంకా ఉండాది.