బూట్లు సరిపోయాయి

అబర్డీన్‌లో శనివారాలు చేపల వాసనతో మొదలవుతాయి.
రేవు మీంచి వచ్చే గాలికి
చర్చి వెనక హాలు తలుపు దానంతటదే కొట్టుకుంటుంది.
ఎవరో వచ్చారనుకుంటాను.
ఎవరూ ఉండరు. ఇంకా పది కాలేదు.

హీటర్ వేసి
బొమ్మల వంటిల్లు గోడకి జరిపి
రెండు కుర్చీలు ఎదురెదురుగా, మూడోది నాకు,
దగ్గరా కాదు దూరమూ కాదు,
గుసగుస వినపడేంత.
గుసగుసలాడకూడదని రూలుందనుకోండి.

ఇంకా ఉన్నాయి.
ఫోటో తీయకూడదు.
"మళ్ళీ మనింటికి" అని ఏ మాటా మొదలెట్టకూడదు.
ఏడవొచ్చు, దానికి అడ్డు లేదు,
కాకపోతే నేను రాయాలి
ఎన్ని నిమిషాలో.

పిల్లాణ్ణి నాయనమ్మ ముందు గుమ్మంలో దింపి
కార్లోనే కూచుంటుంది, వైపర్లు ఆపకుండా.
తల్లి వెనక గుమ్మంలోంచి,
చెత్తడబ్బాల పక్కనుంచి వస్తుంది.
ఆమె ఐల్సా. వాడు ఫెర్గస్.
మార్చిలో ఏడేళ్ళు నిండాయి, ఇక్కడే, ఈ హాల్లోనే.
నిప్పుకి అనుమతి లేదంటే
వెలగని కొవ్వొత్తుల మీద ఊదాడు.

ఏం జరిగిందో ఫైల్లో ఉంది.
చదివాను. చదివింది మరిచిపోవడం
నా ఉద్యోగంలో సగం.
తాగుడు మానేసి పదకొండు నెలలని ఆమె చెప్పదు.
జేబుల్లోంచి చేతులు తీసి బల్ల మీద పెడుతుంది
వణకట్లేదు చూడమన్నట్టు.
చూసేది నేనే.
వాడి చూపు సంచీ మీద.

ఇవాళ సంచీలో బూట్లు.
ఎర్రవి. అడుగేస్తే మడమలో దీపాలు.
డబ్బా మీద సైజు చదివి
నా గుండెల్లో రాయి పడింది.
అది పోయినేటి పాదం.
ఏడాదిగా ఆమె వాడికి సాక్స్ తొడిగింది లేదు,
నిద్దట్లో మంచం అంచు దాటిన కాలి మీదికి
దుప్పటి లాగింది లేదు.
లెక్క ఆగిపోయిన చోటునుంచే కొన్నది, పాపం.

వాడు నేల మీద చతికిలబడి ఎక్కించాడు
నాలుక బయటపెట్టి, మడమ దబదబ కొట్టి.
"సరిపోయాయా?"
లేచి నిలబడ్డాడు.

టోరీలో పదిహేడేళ్ళు చేపలు కోసినదాన్ని,
చర్మం కింద ముల్లెక్కడో
కత్తి కంటే ముందు వేలికి తెలుస్తుంది.
ఆ ఎర్ర తోలు కింద పది వేళ్ళు
చలికి ఒకే దుప్పట్లో దూరినట్టు ముడుచుకోవడం
నాకు కనిపించింది.

"సరిగ్గా సరిపోయాయమ్మా" అన్నాడు.
నా కాగితాల్లో ఆ "అమ్మా" మొదటిసారి.

ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాడు.
వెలిగాయి. ఆరాయి. వెలిగాయి.
తర్వాత ఓడ పజిల్ పేర్చారు ఇద్దరూ.
సముద్రంలో ఒక ముక్క ఎప్పటినుంచో లేదు,
నీళ్ళు ఉండాల్సిన చోట బల్ల కనిపిస్తుంది.
పన్నెండు దాకా బూట్లు విప్పలేదు వాడు.

ముందు గుమ్మం దగ్గర విప్పి నా చేతికిచ్చాడు.
"ఇక్కడే ఉంచవా. శనివారం వేసుకుంటా."
పాత బూట్లలో పరిగెత్తాడు, వానలో, కారు దాకా.

కారు వీధి మలుపు తిరిగి
పావుగంట గడిచేదాకా తల్లి కదలకూడదు.
పజిల్ ముక్కలు డబ్బాలో వేస్తూ కూచుంది.
తలెత్తకుండా అంది:
"చిన్నవి కదూ."
నేను పలకలేదు.
"నడకలో తెలిసింది. వాడి నడక నాకు తెలీదా.
విప్పమందామనుకున్నా.
అమ్మా అన్నాడుగా."

కాగితం తీశాను.
బహుమతి: బూట్లు, ఒక జత.
వివరం: సరిపోయాయి.
ఏడుపు, నిమిషాల్లో: సున్నా.
అది తల్లికీ బిడ్డకీ సంబంధించిన గడి,
మూడో కుర్చీ సంగతి అందులో అడగరు.

బూట్లు బీరువాలో పెట్టాను.
గాలికి తలుపు దానంతటదే మూసుకుంది.
లోపల, ఎవరూ నడవకుండానే,
ఒక్కసారి వెలిగాయి.