అలల బండ

ఎర్రగుంట్ల దాటినాక
రోడ్డుకు రెండు పక్కలా పాలిష్ మిషన్ల రొద.
ఆ రొద మధ్యనే మా ఐదో తరగతి.
కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్ము.

వైశాల్యం మూడు దినాలు చెప్పినాను.
"పొడవు ఇంటూ వెడల్పు" అని పైకప్పు ఎగిరేట్టు అరిచినారు.
"మరి ఈ గది ఎన్ని చదరపు అడుగులు?" అంటే
గదిని చూడలేదు, నా మొహం చూసినారు.
వెనక బెంచీలో షంషాద్ ఒక్కతే
నేల మీది బండల్ని కళ్లతో లెక్కబెట్టి
"రెండడుగుల బండలు. అడ్డం తొమ్మిది, నిలువు పది.
మూడు వందల అరవై సార్, గోడవార తుంటలు కాక" అంది.
ఎవరు నేర్పినారంటే
తప్పు చేసినదాని మాదిరి తల దించుకుంది.

సాయంత్రం ఫ్యాక్టరీకి పోయినా.
దస్తగిరి కనురెప్పలు కూడా తెల్లగున్నాయి.
"బడికి నేనెందుకు సార్? వేలిముద్రగాణ్ణి."

అయినా గురువారం వచ్చినాడు,
ఉతికిన చొక్కా, నడుముకు టేపు, భుజాన ఒక గోనె మూట.
కుర్చీ వద్దన్నాడు. నేల మీద గొంతుక్కూర్చుని
వేలి కణుపుతో బండను తట్టినాడు.
"మంచిది గంట మాదిరి పలుకుతాది.
పగులుండేది దగ్గుతాది."
అంతే, ముప్పై మంది నేలంతా తట్టినారు.
నా టేబుల్ కింద ఒకటి దగ్గుతోంది,
పదకొండేళ్లుగా దాని మీదే నిలబడి పాఠాలు చెబుతున్నా.

"మూల ఇరిగితే లెక్కెట్లా?" అడిగినాడు ఓబులేసు.
"ఇరిగిన మూలకు ఇంకో ఇరిగిన మూల జత చెయ్యి నాయినా,
సదరమైతాది. దాంట్లో సగం నీది."
పై తరగతిలో రావలసిన త్రిభుజం
చెప్పులు బయట ఇడిచి
ఈ ఏడే లోపలికి వచ్చింది.

చివరన గోనె విప్పినాడు.
"ఇది ఎవరూ కొనరు సార్. అద్దం మాదిరి రాదు."
నాపరాయి మీద అలలు.
ఒకదాని వెనక ఒకటి, ఒడ్డు కోసం పోతూ పోతూ
ఆగిపోయినట్టు.
బోరు ఏడు వందల అడుగులు దించినా తడి తగలని ఇంటి పిల్లోడు
ఓబులేసు, చెవి ఆనించి విన్నాడు.

అవక్షేప శిల, రెండు మార్కుల ప్రశ్న.
ఏటా బట్టీ పట్టించినదే,
ఆ పొద్దు మాత్రం నా నోట్లో కొత్తగా తిరిగింది.
ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని,
అడుగున బురద పొర మీద పొర పేరుకొని రాయైందని చెప్పినా.
దస్తగిరి అందరికంటే ముందు అడిగినాడు:
"ఈడనా సార్? మన ఎర్రగుంట్లలోనా?"
బండ మీద అరచెయ్యి పెట్టి చానాసేపు తియ్యలేదు.
"ఇరవై ఏండ్లుగా దీన్నే గదా నేను
రుద్ది రుద్ది చెరిపేస్తాండేది."

ఎవరూ మాట్లాడలేదు.
షంషాద్ లేచిపోయి నాయన పక్కన కూర్చుంది.

సగం దినం కూలి మూడు వందల యాభై జేబులో పెట్టినా.
వద్దనలేదు. లెక్కబెట్టి యాభై తిరిగిచ్చినాడు,
"అన్నం మీ బడిలోనే తింటి గదా."
ఖర్చుల పుస్తకంలో దీనికి గడి లేదు.
సుద్దముక్కల కింద రాసినా.

ఆ బండ ఇప్పుడు కొళాయి కింద ఉంది.
నీళ్లు దినామూ రావు.
వచ్చిన దినం
ప్లేట్లు కడగడం మర్చిపోయి
వంగి చూస్తారు.