ఆరువేల దగ్గర

లాషా గాజు గదిలో కూచున్నాడు.
చేతిలో మీట.
వినబడితే నొక్కాలి, అంతే.
వినబడనప్పుడు కూడా నొక్కుతున్నాడు,
పక్కవాడి కాగితంలోకి తొంగిచూసే పిల్లాడిలా
నా మొహం చూసి.

వార్కెతిలి నుంచి రోజూ మెట్రోలో వస్తాడట.
తిబిలిసి సొరంగాల్లో రైలు
ఇనుప సామాన్ల కొట్టు దొర్లినట్టు దొర్లుతుంది.
దాన్ని మించాలని పాటను పెంచుతాడు.
రైలు దిగాక తగ్గించడం
ఎవరికి గుర్తుంటుంది?

రాత్రి పడుకుంటే చెవిలో కీచురాయి, అన్నాడు.
కిటికీ మూసినా పోవడం లేదు, అన్నాడు.

వాణ్ణి తిట్టడానికి నాకు నోరెక్కడిది?
తొంభై మూడు చలికాలం. కరెంటు లేదు. రొట్టెకు వరస.
నా దగ్గర ఒక వాక్‌మన్, ఒకే ఒక్క క్యాసెట్.
బ్యాటరీలు నీరసిస్తే
కిరోసిన్ పొయ్యి పక్కన వెచ్చబెట్టి మళ్లీ వేసేదాన్ని.
దుప్పట్లో దూరి, చక్రం చివరిదాకా తిప్పి,
చీకటి ఎక్కడా ఖాళీ లేకుండా నిండేదాకా.
పాటంటే చెవి కోసుకునేదాన్ని.
ఆ మాట అంత నిజమని అప్పుడు తెలీదు.

చెవి లోపల సన్నటి నూగు ఉంటుంది లాషా,
గాలికి గోధుమచేను వంగినట్టు
శబ్దానికి వంగి లేస్తుంది.
మరీ తొక్కితే లేవదు.
చేనైతే మళ్లీ విత్తుకోవచ్చు.

రెండు వేలు. నొక్కాడు.
నాలుగు వేలు. ఆలస్యంగా నొక్కాడు.
ఆరు వేలు.
నా పెట్టె మీద దీపం వెలిగింది,
శబ్దం వెళ్తోందన్నమాట.
నా చెవికీ అదే తీగ తగిలించి ఉంది.
వాడు నన్ను చూస్తున్నాడు.
నేను దీపాన్ని చూస్తున్నాను.

"అయితే పాటలు మానెయ్యాలా?"

ఎవరు మానమన్నారు.
సగం దాటనివ్వకు.
రైలు అరిస్తే అరవనీ, దానితో పందెం వెయ్యకు.
గంటకోసారి తీసి జేబులో పడెయ్యి,
పక్కన మనుషులుంటారు, కాసేపు వాళ్లను విను.
ఇవన్నీ చెప్పాను.
పెడచెవిన పెడతాడేమో.
పెట్టడానికైనా చెవి ఉండాలి కదా.

కాగితం నాలుగు మడతలు పెట్టుకున్నాడు.
వెళ్లబోతుంటే కిటికీ తెరిచాను.
మే నెల.
ఎదురింటి చూరు కిందికి వానకోవెలలు
వచ్చే ఉంటాయి ఈపాటికి.

"అరుస్తున్నాయా?" అడిగాను.
చెవి ఒగ్గాడు.
చాలాసేపు.
"ఏవో కొన్ని" అన్నాడు.