కారణం రాయవలసిన చోటు

సిరొంచ తహసీల్ ఆఫీసు గోడకు
రేకు వంచి కట్టుకున్న నీడ నాది.
ఒక బల్ల, రెండు పెన్నులు, గుండుసూదుల డబ్బా,
ఎండకు పసుపెక్కిన నమూనా ఫారాలు.
దరఖాస్తుకు ముప్పై. జెరాక్స్ వేరే.
మాట తెలుగుల, రాత మరాఠీల,
మా బడి అట్ల నేర్పింది.
నోటికో భాష, చేతికో భాష,
నడుమ ఇరవై రెండేండ్లుగా ఈ బల్ల.

ఆమె పొద్దుగాల్నే వచ్చింది.
సంచి మీద సంచి, లోపల కాయితాలు;
నది ఒడ్డునోళ్ళు కాయితాన్ని అట్లనే దాస్తరు.
"వలకూ పడవకూ అనుదాన్ వచ్చిందట గదా?
ఎవలు చెప్పిన్రో యాదికి లేదు,
చేపల కాడ ఇన్న."

అనుదాన్ కబురు ఎప్పుడూ అట్లనే వస్తది.
నోటీసు బోర్డుకు గడువు దాటినంక తెలుస్తది,
చేపల కాడ ముందే తెలుస్తది.
ఇంక ఐదు రోజులున్నయి.

పేరు?
గంప లస్మక్క.
రేషన్ కార్డుల లసుమక్క గంపావార్.
ఆధార్ల లక్ష్మీబాయి రాజన్న గంపావార్.
బ్యాంకు పుస్తకంల లస్మాబాయి, రాజన్న లేడు.
"రాజన్న మొన్నటి వానకాలం నుంచే లేడు బిడ్డా,
బ్యాంకోళ్ళకు ముందే ఎట్ల తెలిసింది?"
అని నవ్వింది.
నేను నవ్వాల్నో వద్దో తెల్వక
పెన్ను క్యాపు తీసి మళ్ళ పెట్టిన.

పదకొండో గడి: అనుదాన్ ఎందుకు కావాలె, కారణం.
గీతలు రెండు.
ఆమె మొదలుపెట్టింది.
ప్రాణహిత ఎగబడ్డ రాత్రి
కొయ్యకు కట్టిన పడవ తాడుతో సహా పోయింది,
ఇద్దరం రెండు రోజులు ఒడ్డెంబడి నడిచినం,
దొరికింది తెడ్డు ఒక్కటే,
అదీ మనది కాదేమోనని ఆయన అనుమానం,
కిరాయి పడవకు సగం చేపలు పాయె,
వల చిరుగుడు, కుట్టుడు, కుట్టినకాడనే మళ్ళ చిరుగుడు,
ఇంతల ఆయనకు జరం, అహేరి దవాఖాన,
అవతలి ఒడ్డున చెల్లె, ఆమెకు ఆ సర్కారు నాకు ఈ సర్కారు,
పట్టేది ఒక్క నీళ్ళల్లనే,
ఆమె ఫారం తెలుగుల ఉంటదట...

చాయ్ చల్లారింది. నేను రాసిన:
"వరదల పడవ కొట్టుకపోయింది.
బతుకుతెరువుకు అవసరం."
మరాఠీల ఇంక పొట్టిగ వచ్చింది.

పద్దెనిమిది రోజులకు వాపసు.
అంచు మీద ఎర్ర సిరా:
పేర్లల తేడా ఉన్నది.

వంద రూపాయల స్టాంపు కాయితం తెచ్చి
నోటరీ ముందల ఆమెతోటి అనిపించిన:
లసుమక్క, లక్ష్మీబాయి, లస్మాబాయి,
ముగ్గురూ నేనే, ఒక్కదాన్నే,
అబద్ధమైతే శిక్షకు తయారు.
వేలిముద్ర వేసుకుంట అడిగింది,
"ముగ్గురమైతే మూడు వలలు ఇస్తుండెనా?"
నోటరీకి తెలుగు రాదు. ఏమన్నదన్నడు.
ఒప్పుకుంటున్నదని చెప్పిన.

మళ్ళ జమ చేసినం.
ఫోన్ల చూస్తే "ప్రలంబిత్" అని వస్తది.
ఆగి ఉన్నదని. ఎక్కడ ఆగిందో ఉండదు.
వారం వారం వచ్చి అడుగుతది, నేను ఫోన్ తిప్పి చూపిస్త.
చదువు రాకున్నా ఆ మాటను
ఇప్పుడు నాకంటె ముందు పోలుస్తది,
నీళ్ళ మీద బుడగను చూసి
కింద ఏ చేపో చెప్పినట్టు.

నిన్న, ముప్పై రూపాయల బాకీ కింద
ఎండుచేపలు తెచ్చింది.
పొట్లం విప్పితే నా రాతే.
వాపసొచ్చిన దరఖాస్తు, మూడో పేజీ.
నూనె ఇంకి కాయితం అద్దమైంది,
ఎర్ర సిరా అలుక్కపోయింది,
పదకొండో గడి నిండ పొలుసులు.

ముక్కు దగ్గర పెట్టుకున్న.
నది, ఎండ, ఉప్పు,
ఇంక ఏదో, పేరు తెల్వనిది.
జతచేయవలసిన పత్రాల పట్టికల
దీనికి నంబరు లేదు.

పొట్లం కట్టి బల్ల కింద పెట్టిన.
తర్వాతాయన వచ్చి కూసున్నడు.
పేరు? అన్న.
ఏ కార్డుల పేరు చెప్పాలె
అని అడిగిండు.