పళ్ళ దువ్వెన

నర్సరీ నుంచి మూడు కుండీల్లో తెచ్చాను.
గుంటలు తీసి, గుప్పెడు సున్నం చల్లి,
పొయ్యి బూడిద కూడా పోసి
మంచి పనే చేశాననుకున్నాను.
జూలైకల్లా ఆకులు పసుపెక్కాయి.
ఈనెలు మాత్రం పచ్చగా,
కామెర్ల మనిషి ముంజేతి నరాల్లా.

పక్క పొలం థెల్మా లుంట్
కంచె మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసింది.
"ఎవరి మీద కోపం నీకు?" అంది.

మేన్ రాష్ట్రపు తూర్పు కొసన,
సముద్రపు పొగమంచు మధ్యాహ్నం దాకా లేవని చోట,
ఆమెకు నలభై ఎకరాల బోడి నేల ఉంది.
చెట్టు లేదు. నాగలి దిగదు.
ఏనుగులంత రాళ్ళు,
ఎవరో ఆట మధ్యలో వదిలేసి పోయినట్టు.
రాళ్ళ సందుల్లో అడవి బ్లూబెర్రీ,
జానెడెత్తు, మహా అయితే మూరెడు.

"ఇన్ని ఎవరు నాటారు?" అన్నాను.
"మంచు కరిగిపోతూ పోతూ ఇసుక వదిలింది.
పిట్ట రెట్ట వేసింది.
మా ముత్తాత చేసిందల్లా
పైన నిలబడ్డ ఫిర్ చెట్లు కొట్టేయడమే.
పెంచడమంటే ఇక్కడ
దాని నెత్తి మీంచి తప్పుకోవడం."

ఆమె పాఠం వరసలో రాలేదు.
కాఫీ చల్లారుతుండగా ఒక ముక్క,
ట్రక్కు టైరు విప్పుతూ ఇంకో ముక్క.
నేల పుల్లగా ఉండాలి. పేదగా ఉండాలి.
ఎరువు వేస్తే ముందు కలుపు తింటుంది.
ఆల్డర్ మొలక కనబడితే జాలిపడకు.
మొక్కలో మూడింట రెండొంతులు మట్టికిందే;
నువ్వు చూసేది
కిటికీలోంచి బయటపెట్టిన చెయ్యి.

ఏప్రిల్లో, అడుగు మట్టి ఇంకా తడిగా ఉన్న సాయంత్రం,
గాలి పడిపోయాక,
ఎండుగడ్డి పరిచిన చేనుకి ఆమే నిప్పు పెట్టింది.
నీళ్ళ తిత్తి వీపున మోస్తూ నేను అంచులు కాశాను.
నా ఎడమ కనుబొమ్మ సగం పోయింది.
తెల్లారి చూస్తే చేను
మాడిన బాణలి అడుగు.
"బూడిద వద్దన్నావుగా?"
"నీ పొయ్యి బూడిద పోస్తే చస్తుంది.
తన బూడిద తను చేసుకుంటే బతుకుతుంది."
అది శాస్త్రమో, ఉత్త థెల్మానో,
ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఏడు కాయ లేదు.
చిగుళ్ళు, చిగుళ్ళు, ఒట్టి చిగుళ్ళు.
బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది.
ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి
చలిగాలి దూరే కిటికీ సందులో కుక్కింది.

మరుసటి మే నెలలో
పాలపళ్ళంత తెల్లటి గంటలు,
అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు.
ఆగస్టులో నోవా స్కోషియా నుంచి మిక్‌మా కుటుంబాలు,
సరిహద్దు కన్నా పాతదైన దారిన.

ఒడెట్ పిక్టూ నా చేతికి రేకు దువ్వెన ఇచ్చింది.
పళ్ళతో పళ్ళు దువ్వడం, అంతే పని.
పొద కిందికి జొప్పించు, మెల్లగా పైకి వంచు.
లాగకు.
చిక్కు తీస్తే ఏడ్చే పిల్ల
నిద్రలో ఉండగా తల దువ్వుతావే, అలాగ.
మొదటి రోజు నా గంపలో ఆకులే ఎక్కువ.
ఆమె నవ్వలేదు.
తన గంపలోంచి రెండు దోసిళ్ళు నా దాంట్లో పోసి
తన వరసలోకి వెళ్ళిపోయింది.
ఆ రాత్రి కళ్ళు మూసినా నీలమే,
నడుము ఎక్కడుందో మాత్రం చీకట్లోనూ తెలుస్తోంది.

అక్టోబరులో చేను ఎర్రబడింది,
ఒకే ఎరుపు కాదు.
ఇటుక, దానిమ్మ, ఆరిన నెత్తురు,
ఎవరూ కొలవని హద్దులతో.
"ఒక్కో రంగు ఒక్కో మొక్క" అంది థెల్మా.
"ఆ మధ్య మచ్చ చూశావా, మా ఇంటికన్నా పెద్దది?
ఒక్కటే మొక్క. వయసు అడక్కు."

నా మూడింట్లో రెండు పోయాయి.
మూడోది ఆమె రాయి పక్కన ఇసుకలో దిగింది.
నర్సరీ చీటీ ఇంకా దాని మెడలోనే ఉంది:
ఎండ, నీళ్ళు, ప్రేమ.
థెల్మా కళ్ళజోడు పైకి తోసి చదివి
చివరి మాటని గోటితో గీకేసింది.