నాలుగు నిమిషాలు

గుణుపూర్ బస్టాండు వెనక, కూన పోలినాయుడి రేడియో రిపేరు కొట్లో
బల్ల కింద ఉండేది మా గట్టు.
పాత కంప్యూటరు, మూత లేదు.
ఎండాకాలం దాని పక్కన తడిగోనె వేలాడదీసేవాళ్ళం,
బాలింత గదికి కట్టినట్టు.

వంశధారకి అటూ ఇటూ నాలుగువేల ఫోన్లు
దాని వేలు పట్టుకుని నడిచేవి.
తెలుగు, ఒడియా, తెలుగు అక్షరాల్లో సవర:
పర్లాకిమిడి బస్సు కాశీనగర్‌లో చెడిపోయింది,
పుట్టాసింగి ఘాటీలో ఎలుగు దిగింది,
ఓ పాజిటివ్ ఎవరిది,
మా కోడలికి నొప్పులు.

రాత్రి కాపలాకి పంతొమ్మిది మందిమి.
జీతం లేదు. పోలినాయుడు పోసే టీ కూడా
నెలాఖరు లెక్కలోకి ఎక్కేది.
గోడమీద సుద్దతో ఒకటే నియమం:
ఎవరైనా ఉన్నారా అంటే
ఉన్నాం అనాలి.
ఎందుకని అడక్కూడదు.

నా వంతు మంగళవారం.
ఒంటిగంటకి ఒకామె అడిగేది. పేరు తెలీదు.
ఉన్నారా.
లేచి, దోమతెర తప్పించుకుని, కళ్ళజోడు తడుముకుని
ఒక్కో అక్షరం వెతికి కొట్టేసరికి
నాలుగు నిమిషాలు.
ఉన్నాం.
అంతే. ఆమె పడుకునేది. నాకు నిద్ర పట్టేది కాదు.
ఒక్కణ్ణే అయినా
ఉన్నాను అనలేదెప్పుడూ.

పాస్‌వర్డు మూడు ముక్కలు చేసుకున్నాం.
ఒకటి పోలినాయుడి దగ్గర, ఒకటి కుముదినీ పాణిగ్రాహి టీచరు దగ్గర,
మూడోది ఇస్రాయేల్ రైకా బైబిల్లో, ఏ పేజీయో చెప్పలేదు.
ముగ్గురూ కలిస్తేనే తెరుచుకునే తలుపు.
తలుపు ఎవరి పేరన ఉందో చూసుకోలేదు.
కిల్లంశెట్టి వాసు పేరన ఉంది.
మొదటి ఏడు ఆరువందలూ వాడే కట్టాడు,
తలా ముప్పయ్యి ఇస్తామని మేం మరిచిపోయాం.

వాసు చెడ్డవాడు కాడు. ఇది రాయకపోతే తప్పు.
వాడి తమ్ముడికి కిడ్నీలు. విశాఖ ఆస్పత్రి.
కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టి వచ్చి
స్కూటరు దిగకుండానే అన్నాడు,
"ఏటీ మారదు మాస్టారూ."
పోలినాయుడు సోల్డరింగు కడ్డీ ప్లగ్గు పీకి
చల్లారేదాకా దాన్నే చూశాడు.

మర్నాడు అందరికీ ఒకే ఉత్తరం:
ప్రియమైన వినియోగదారులారా.
ఆ మాటని సవరలో ఏమంటారని అడిగింది సుమంతి.
ఇస్రాయేల్ చాలాసేపు ఆలోచించి
"అద్దెకున్నోళ్ళు అనుకో" అన్నాడు.

తర్వాత బాగానే ఉంది, అబద్ధమెందుకు.
బొమ్మలు తొందరగా వస్తున్నాయి, వాన పడ్డా ఆగదు.
నొప్పులు అన్న మాట కింద
పసిపిల్లల సబ్బు, ఇరవై శాతం తగ్గింపు.
రక్తం అడిగిన చోట బీమా.

మంగళవారం అలవాటుగా మెలకువొచ్చింది.
ఉన్నారా, అంది ఆమె.
నా చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళకముందే
జవాబు పడింది:
ఉన్నాం! పక్కన ఒక పసుపుపచ్చ నవ్వు.
అర సెకను.
ఎవరూ లేవలేదు. ఏ మంచమూ కిర్రుమనలేదు.
ఆమె ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు
కదిలాయి, ఆగాయి, కదిలాయి,
ఇంక లేవు.
నేను కొట్టాను: అమ్మా, నిజంగా ఉన్నాం.
చెరిపేశాను.
నిజంగా అన్న మాట
గట్టు మీద ఎప్పుడూ అవసరపడలేదు.

ఆరు మంగళవారాలైంది. ఆమె అడగలేదు.
టీచరు మానేసింది. ఇస్రాయేల్ ఆ పేజీ చింపాడో లేదో.
నేను మాత్రం ఉన్నాను,
కొత్త షరతులు చదవకుండా
అంగీకరిస్తున్నాను నొక్కి.

బల్ల కింద ఇప్పుడు మూడు టేబుల్ ఫ్యాన్లు.
మొన్న కరెంటు పోయిన రాత్రి
షట్టరు మీద ఎవరో వేళ్ళతో తట్టినట్టయిందట.
పోలినాయుడు లేచి, లుంగీ సర్దుకుని, అగ్గిపెట్టె వెతుక్కుని
షట్టరు ఎత్తేసరికి ఎంతసేపైందో.
"ఎవులూ లేరు మాస్టారూ," అన్నాడు పొద్దున్న
స్క్రూలు ఏరుకుంటూ, నా మొహం చూడకుండా.
"అయినా ఉన్నాం అనీసేను."