పంకా తాడు

కాలేజీ అంటే ఏటనుకున్నారు,
సికాకోల్లో ఏటొడ్డున పాత ఉప్పు కొటారు.
మూడు గదులు, ఏడు బల్లలు, తొమ్మిదిమంది పిల్లలు.
దానికి పెద్దాయన దూసి సోమప్ప గారు.
నాను గోడవతల కూకుని
పంకా తాడు లాగీవోడ్ని. నెలకి రొండ్రూపాయలు.

పంచె మీద నల్లకోటు,
వడ్రంగి పెన్సిలెట్టుకున్నట్టు
సెవి మీద సుద్దముక్క.
ఇంగిలీసులో సెప్పీవోరు,
కోపమొస్తే తెలుగులోకి దిగీవోరు.
ఆ కోపం పున్నెమా అని
నాకూ నాలుగు ముక్కలొచ్చినాయి.

ఫీజు కట్టనేని కుర్రోడి పేరు కొట్టీమని
గుమస్తా పుస్తకం తెస్తే
"రేపు సూద్దాం" అనీవోరు.
ఆ రాత్రే ఆరింట్లోంచి ఇత్తడి గంగాళం
తాకట్టు కొట్టుకి ఎల్లింది. మోసింది నానే.
"ఈసారి ఎవడి ఫీజురా, పోలీ?"
అమ్మగారు గుమ్మంలోంచి అడిగినారు.
నవ్వినారో ఏటో, సీకట్లో తెలీనేదు.

నాగావళి పొంగిన యేడు
ఒక్క కుర్రోడూ రానేదు.
ఆరు తడిసిపోయొచ్చి, గంట కొట్టించి,
తొమ్మిది పేర్లూ పిలిసినారు,
పేరుకీ పేరుకీ మద్దిన ఆగి,
ఎవరో పలుకుతారన్నట్టు.
అప్పుడు గోడవతలికి, "పోలీ, లోపలికి రా."
"పంకా ఎవరు లాగుతారు బాబూ?"
"ఈ వానలో గాలెందుకురా!"
గడప కాడ నిలబడిపోనాను.
మళ్లీ పిలిసినారు.

తాడు ఇప్పించి, జానెడుకో ముడి,
పన్నెండు ముడులేసినాం ఇద్దరం.
మూడు ఇటు, నాలుగు అటు, ఐదు అడ్డంగా.
బిగబట్టి లాగితే
నేలమీద మూల నిలబడింది.
రాజుగారి మేడకైనా నీ గొడ్లసాలకైనా
ఇదే మూలరా అన్నారు.
ఇంకేదో కూడా అన్నారు.
పెంకుల మీద వాన, ఇనపడనేదు.
నలభయ్యేళ్లుగా అదేటా అని
నన్ను నానే అడుగుతున్నాను.

ఇజీనారం నుంచి ఇనస్పెక్టరు దొరొచ్చి
పిల్లలు సాలరని రాసుకెళ్లినాడు.
పై కలాసులు ఎత్తీసినారు.
సోమప్ప గారు కింద గదిలో ఎక్కాలు సెప్పినారు,
అదే కోటు, అదే సుద్దముక్క.
ఆ సలికాలం జొరంలో పోనారు.
పాడి మొయ్యడానికి నాను పనికిరాను.
దూరంగా ఎనక నడిసినాను.

బల్లలు ఏలమేసినారు, పంకా గుడ్డా, గంటానూ.
తాడు సంగతి ఎవరూ అడగనేదు.

మొన్న మా సిన్నోడి ఇంటికి పునాది గీస్తే
అటక మీంచి దించినాను.
మేస్త్రీ నవ్వినాడు,
మూలమట్టం పెట్టి సూసినాడు,
నవ్వడం ఆపినాడు.
ఒక ముడి వొదులైపోయుంది.
బిగిద్దామని సెయ్యెట్టి మానీసినాను.
అది ఆరేసిన ముడి.